రేవులోని బంతిపూలు

నదీమతల్లికి నమస్కరించి, మాఘ శుద్ధ సప్తమినాడు ఇది వ్రాస్తున్నాను.

రాజురా దాపున వర్ధా నది రేవులో విహారపు మోటారు పడవ నడిపిన సేటును తలచుకొంటే, ముందుగా ఆయన పూలబుట్టయే గుర్తుకు వస్తుంది. ప్రతి విహారం ముగిసి ఇంజను ఆగగానే, పడవ చుట్టూ బంతిరేకులు దోసిళ్లకొద్దీ చల్లి, కన్నులు మూసి చేతులు జోడించేవాడు. పడవ దిగినవారు ఆ భక్తికి మురిసిపోయేవారు. నాకు మాత్రం సందేహమే. పూజ ప్రయాణానికి ముందు గదా చేయవలసింది?

కార్తీక పూర్ణిమ ఉదయం చేతికర్రతో ఆ రేకులను పక్కకు తొలగించాను. పడవ నుండి కారిన డీజిలు తెట్టు నీటిపై నెమలిపింఛపు వన్నెలతో మెరిసింది.

"గంగమ్మ పూలను కట్టెతోని కెలుకుతరా, పంతులూ?" అన్నాడు సేటు.

ఆ రేవులోనే వల వేసి బతికే చేపల అవ్వ వచ్చి, ఆయన ముందు గంప దించింది.

"డీజిల్ వాసనొస్తున్నయని నా చేపలు ఎవ్వలు కొంటలేరు, సేటూ. నువ్వన్న ఒకటి తిను."

"ఇయ్యాల ఉపాసం, అవ్వా."

"నిన్నగూడ గదే అంటివి. గంగమ్మకు పూలు, నీకు ఉపాసం, మరి నాకేంది?"

సేటు మరొక దోసిలి చల్లాడు.

మార్గశిర శుద్ధ పంచమినాడు అవ్వ వల చుట్టుకొని రేవు విడిచిపోయింది. సేటు మరింత పెద్ద పూలబుట్ట తెచ్చుకొన్నాడు.