బేపో బాబాయి మూసిన కిటికీలు

బేపో బాబాయికి లోకంలో ఒకే ఒక్క శత్రువు: ఎదురెదురు కిటికీల మధ్య కొట్టే గాలి. మా దీవిలో దాన్ని ప్రోపుహ్ అంటారు. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడం మానేసినా ప్రోపుహ్ తగిలిందనే మావాళ్లందరి నమ్మకం. కాకపోతే అందరూ నమ్మి ఊరుకుంటారు. బాబాయి ఊరుకోడు. ఎవరింట్లో రెండు కిటికీలు తెరిచి కనబడినా తలుపు తట్టి, లోపలికెళ్లి, మూసి మరీ వస్తాడు. ఆ తర్వాత వాళ్ల పాదాల వంక చూస్తాడు. చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడ్డారో, అయిపోయారే!

పక్కింటి పెరీనా ఒకసారి చేపలు మాడ్చింది. ఇల్లంతా పొగ. కిటికీలు తెరిచిందో లేదో, బాబాయి గుమ్మంలో ప్రత్యక్షం.

"మూసెయ్యమ్మాయ్!"

"ఊపిరాడక చస్తున్నాను బాబాయ్!"

"పొగకి దగ్గొస్తుంది, అంతే. ప్రోపుహ్‌కి నడుం పోతుంది. ఏది కావాలో నువ్వే తేల్చుకో."

అన్నీ మూసేసి, ఇద్దరూ దగ్గుకుంటూ ఆ మాడు చేపలే తిన్నారు.

ఇదంతా మాలో మాకైతే సరదాగానే ఉండేది. ప్రాణం మీదికొచ్చింది యెల్కాకి. ఆవిడ బాబాయికి అన్న కూతురు. తండ్రి పోయాక మేడ మీద గదులు బాగుచేసి టూరిస్టులకి అద్దెకిస్తోంది. జూలై ఎండలో పడవ దిగి వచ్చే జర్మన్లు చేసే మొదటి పని కిటికీలు బార్లా తెరవడం. రెండో పని చెప్పులు విప్పేయడం. ఇంక బాబాయిని ఆపేదెవరు?

"అతిథుల గదుల్లోకి వెళ్లొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"తలుపు కొట్టే వెళ్లాను."

"ఆయన స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడట!"

"నేను చెప్పేదీ అదే! తడి ఒళ్లు, వట్టి కాళ్లు, రెండు కిటికీలు! నేను వెళ్లబట్టి మనిషి మిగిలాడు."

బాబాయికి పరాయి భాష ఒక్కటీ రాదు. కిటికీకేసి వేలు చూపించి "ప్రోపుహ్!" అని ఉరుముతాడు. అది ఆయన పేరనుకుని కొందరు "గుడ్ మార్నింగ్, మిస్టర్ ప్రోపుహ్" అని పలకరించేవారు. వెళ్లాక మాత్రం ఇంటర్నెట్లో ఒక్క నక్షత్రం ఇచ్చి, "సముద్రం బాగుంది, మంచం బాగుంది, ఎవరో ముసలాయన వచ్చి నాకు ఉన్ని సాక్సులు తొడిగాడు" అని రాసేవారు.

ఆ వసంతంలో పర్యాటక శాఖ అమ్మాయి ఒకతె ఒడ్డునున్న స్ప్లిట్ పట్నం నుంచి వచ్చి, బడిలో ఊరందర్నీ కూర్చోబెట్టి, రాబోయే ఏళ్ల సంగతి చెప్పింది.

"ఆగస్టులో ఇంక మన తీరంలో జనం పట్టరు. పెరగాల్సింది చలికాలం. నవంబర్లో కూడా గదులు నిండే రోజు వస్తుంది."

"నవంబర్లో ఎవరొస్తారమ్మా, మతిలేనివాళ్లు తప్ప!" అన్నాడు పడవ నడిపే టోన్కో. అందరూ నవ్వారు.

బాబాయి చెయ్యెత్తాడు. "భవిష్యత్తు ఎక్కడికీ పోదు గానీ, నీ వెనక కిటికీ, నా వెనక తలుపు రెండూ తీసున్నాయి. ముందది చూడు తల్లీ."

పాపం ఆ పిల్ల మిగతా భవిష్యత్తంతా చెమటలు కక్కుతూ చెప్పింది.

యెల్కాకి మాత్రం నవ్వు రాలేదు. రెండు నెలల సంపాదనతో ఇల్లు ఏడాదంతా గడవదు. చలికాలంలో ఎవరైనా రావాలంటే ముందు మంచి పేరుండాలి. పేరు చూస్తే బాబాయి చేతిలో రోజురోజుకీ ఊడుతోంది. ఐర్లాండులో హోటలు వంటింట్లో పని ఉంది, వచ్చెయ్యమని పెద్దమ్మ కూతురు పిలుస్తోంది. ఈ సీజను తేలకపోతే ఇంటికి తాళం పెట్టి వెళ్లిపోవాలనుకుంది, టోన్కోతో ఆ మాట అంది కూడా.

తేలలేదు. ఆగస్టులో ఒంటరిగా వచ్చిన అనెలీస్ అనే డచ్ ఆవిడ కూడా, ముసలాయన రోజూ వచ్చి కిటికీ మూశాడని ఫిర్యాదు రాసి పోయింది. సెప్టెంబరు చివర్లో, భోజనాలయ్యాక దీవంతా కునుకు తీసే వేళ, ఐర్లాండు వెళ్లిపోతున్నానని చెప్పేద్దామని యెల్కా బాబాయింటికి వెళ్లింది. తలుపు తోసి చూసి నోరు తెరిచేసింది.

రెండు కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. తెరలు ఎగురుతున్నాయి. సరిగ్గా మధ్యలో మంచం. దాని మీద చొక్కా లేకుండా, వట్టి కాళ్లతో, గురక పెడుతూ బేపో బాబాయి!

"బాబాయ్!"

ఆయన ఉలిక్కిపడి లేచి చెప్పుల కోసం తడుముకున్నాడు. "ఇప్పుడే... గాలికి తెరుచుకున్నాయే."

"తెరుచుకుని కొక్కేలు కూడా పెట్టుకున్నాయా?"

బాబాయి బుర్ర గోక్కున్నాడు. "ఉక్కపోస్తుంటే కిటికీలు మూసుకుని ఎవడు పడుకుంటాడే!"

"మరి ఊరందరి ప్రాణాలు ఎందుకు తోడేస్తున్నావ్?"

"ఊరికే తలుపు తట్టి, బాగున్నావా, తిన్నావా అంటే ఏం చేస్తారు? బాగానే ఉన్నామని తలుపేస్తారు. కిటికీ మూస్తానంటే తిట్టడానికైనా లోపలికి రానిస్తారు. పెరీనా చేపలెందుకు మాడ్చిందనుకున్నావ్? ఓడ మీదున్న మొగుడి నుంచి కబురు లేదు. పొయ్యి దగ్గరే ఏడుస్తూ కూచుంది. ఆ డచ్ పిల్లా అంతే, ఒక్కతే మంచం మీద ఏడ్చేది. నాకు దాని భాష రాదాయె. కిటికీ మూసి, ఇంత సూపు పెట్టి, ఎదురుగా కూచునేవాణ్ణి." చెప్పులు తొడుక్కుంటూ అడిగాడు, "ఇంతకీ నువ్వెందుకొచ్చావ్?"

యెల్కా ఐర్లాండు మాట ఎత్తలేదు. "ఏం లేదు. కిటికీలు తెరిచున్నాయేమో చూద్దామని."

అక్టోబరులో ఫోను మోగింది. అనెలీస్.

"నవంబర్లో గది దొరుకుతుందా?"

యెల్కా అబద్ధమాడలేదు. "అప్పుడు వానండీ. తిండి హోటళ్లన్నీ మూసేస్తారు."

"తెలుసు. మిస్టర్ ప్రోపుహ్ ఉంటారుగా? నేను రాసింది అబద్ధం కాదు, కాకపోతే సగమే రాశాను. మిగతా సగం నిన్న రాసేశాను. మా చెల్లెల్ని తీసుకొస్తున్నా. దానికీ మనసు బాగోలేదు."

ఆ మిగతా సగం చదివి, వారం తిరక్కుండా ఇంకొందరు ఫోను చేశారు. మతిలేనివాళ్లు తగినంతమంది ఉన్నారని టోన్కో కూడా ఒప్పుకున్నాడు.

గుట్టు బయటపడిన సిగ్గుతో బాబాయి మాత్రం యెల్కా గడప తొక్కడం మానేశాడు. ఆమెకి ఇల్లు బోసిగా అనిపించింది. అనెలీస్ వాళ్లు రావడానికి ముందురోజు కొండ మీంచి చలిగాలి ఈడ్చి కొడుతోంది. యెల్కా వంటింటి కిటికీలు రెండూ తెరిచి, చెప్పులు విడిచి, గచ్చు మీద వణుకుతూ నిలబడింది.

ఎంతోసేపు పట్టలేదు.

"మతి పోయిందటే నీకు!" బాబాయి దూసుకొచ్చి కిటికీలు రెండూ ధడాలున మూశాడు. ఆమె కాళ్ల ముందు చెప్పులు పడేశాడు. తర్వాత అటు తిరిగి నిలబడి, నెమ్మదిగా అడిగాడు. "ఐర్లాండు వెళ్తున్నావటగా. టోన్కో చెప్పాడు."

"వెళ్లడం లేదు బాబాయ్. అక్కడ గాలి ఎక్కువట. కిటికీలు మూసేవాళ్లే లేరట."

బాబాయి అప్పటికే మూసి ఉన్న కిటికీని ఇంకోసారి గట్టిగా మూశాడు.