అప్పకు చెయ్యని ఫోను

సోమవారం పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే మా అప్ప పోయిందని బావ ఫోన్ చేశాడు. "నిద్దర్లోనే ఎల్లిపోనాది అమ్మా" అన్నాడు. నాకు ఏడుపు కన్నా ముందు సిగ్గు వచ్చింది. అదెందుకో చెప్పుకోకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడం దండగ.

ఆమె నాకు తోడబుట్టింది కాదు. ఈ హిందీ ఊళ్లోని రైల్వే క్వార్టర్ల తెలుగు ఇళ్లలో అక్కను అప్ప అంటాం. ఊరి పక్క తిఫ్రాలో మేం పనిచేసే చిన్న కంపెనీలో ఆమె మా షిఫ్టుకు పెద్ద. ఆసుపత్రులు, లారీ ఆఫీసులు, రైసు మిల్లుల కంప్యూటర్లలోకి దొంగలు చొరబడకుండా చూడడం మా పని. నిజానికి కాపలా కాసేది ఏఐ. మేం మెషీన్ అంటాం. ఎవరు ఏ వేళకు వస్తారో, ఏ ఫైళ్లు తెరుస్తారో, ఎంత వేగంగా టైపు చేస్తారో అది నేర్చుకుంటుంది. తేడా కనిపిస్తే మమ్మల్ని అడక్కుండానే ఆ ఖాతా మూసేస్తుంది. దానికి ఆ పని నేర్పింది అప్పే.

నేర్పినావిడకే దానిమీద గుడ్డి నమ్మకం లేదు. "తలుపు మెషీనేస్తాది. ఫోను మాత్రం మనిషే సెయ్యాల" అనేది. ఖాతా మూతపడిన వాళ్లకు వెంటనే ఫోన్ చేసి, వచ్చింది మీరేనా అని అడగాలి. ఓసారి మస్తూరీ మిల్లు గుమాస్తా, కూతురి పెళ్లిలోగా పని ముగించాలని ఆదివారం కూర్చున్నాడు. మెషీన్ అతన్ని దొంగ కింద జమకట్టి గెంటేసింది. అప్ప ఫోన్ చేసి, అతని తిట్లన్నీ తిని, "గల్తీ హమారీ హై భైయా" అని తప్పు ఒప్పుకుని, పెళ్లికొడుకు ఏం చేస్తాడో కూడా కనుక్కుంది. నేను నవ్వితే కసిరింది. "ఏటే నవ్వుతావు? దొంగ అనిపించుకున్నోడికి ఎలాగుంటాదో నీకేటి తెలుసు?"

ఏసీ గదిలో చున్నీ తలకు చుట్టుకుని కూర్చునేది. "మెషీన్లకి సలవ కావాల, మనం గడ్డకట్టీయాల. అచ్ఛా నాయం!" అనేది. ఈ మధ్య టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంటుంటే ఆ చలికే అనుకున్నాను. పక్క కుర్చీలో ఉండి ఏమైందని అడిగిన పాపాన పోలేదు. తర్వాత నరాల జబ్బని సెలవు పెట్టి, రాజ్‌కిశోర్ నగర్‌లో ఇంటిపట్టునే ఉండిపోయింది. వెళ్లి చూడనూ లేదు నేను.

పోయిన నెలలో ఓ మధ్యాహ్నం మెషీన్ అప్ప ఖాతానే మూసేసింది. టైపు చేసే తీరు ఆమెది కాదంది. ఆమె పాస్‌వర్డు ఎవరో కొట్టేశారనీ, మన మెషీన్ పట్టేసిందనీ నేను చప్పట్లు కొట్టి అందరినీ పిలిచాను. మేనేజరు శభాష్ అన్నాడు. ఫోన్ చెయ్యాల్సింది నేనే. జబ్బు మనిషిని కదపడం ఎందుకులే అని సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ వచ్చింది అప్పే అయితే నా గొప్ప నీరుగారిపోతుందని చెయ్యలేదు.

కర్మ నాడు బావను అడిగాను. ఆ మధ్యాహ్నం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంది అప్పేనట. మేమెలా చేస్తున్నామో చూడాలనిపించిందట. వణికే వేళ్లతో ఒక్కో అక్షరమే వెతుక్కుందట.

"మూసీసినందుకు సంబరపడిపోనాది అమ్మా. నాను నేర్పినట్టే నన్నూ ఆపీసింది సూడు, అంది. మనమే సేద్దాం ఫోను అన్నాను. వద్దు, ఆళ్లే సెయ్యాల, మా పిల్ల సేస్తాది అనీసి ఫోను ఒళ్లో ఎట్టుకు కూకుంది. దీపాలెట్టే యేళకి, పాపం ఆళ్లకి పనెక్కువేమోలే, అనీసి లెగిసింది."

బావ నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆఫీసులో అప్ప ఖాతా తెరిచాను. మూసెయ్యడం సరైనదేనా అని మెషీన్ వేసిన ప్రశ్న జవాబు లేకుండా అలాగే ఉంది. కాదు, ఆమే, అని నొక్కాను. మెషీన్ ఏ సాకూ చెప్పలేదు. ఆ తడబడే టైపింగును కూడా ఆమె అలవాట్లలో కలుపుకుంది. పక్కన కూర్చుని నేను గుర్తించని ఆ వణుకును ఇప్పుడది అప్పదిగా గుర్తుపడుతుంది. తెర మీద ఆమె పేరు పక్కన చిన్న పచ్చ గుర్తు వెలిగింది, ఇక రావచ్చు అన్నట్టు.