వెర్లీన్ అత్త చిన్న తుపాకీ

మిస్సోరీ కొండల్లో మా వెర్లీన్ అత్త నలభై ఏళ్లుగా ఒక్క వసంతం కూడా అడవి టర్కీ కోళ్ల వేట మానలేదు. భుజానికి ఆపరేషన్ అయ్యాక పెద్ద తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ తట్టుకోలేక, ఫోర్‌టెన్ అనే సన్నగొట్టపు తుపాకీ కొనుక్కుంది. మర్నాడే ఆ ఏటి వేట మొదలు, అందుకే ముందు రోజే గురి చూసుకోవడానికి దిగింది.

"ఉడతల తుపాకీతో టర్కీనా అక్కా? అది నవ్వి చస్తుంది," అన్నాడు ఆమె తమ్ముడు డోయల్ బాబాయి.

"నోర్మూసుకుని కాగితం అంటించరా."

కాగితం మీద గీసిన టర్కీ తలకేసి ముప్పై అంగల నుంచి కాల్చింది. ఒక్క పేలుకే చిమ్మే చిన్న గుళ్లన్నీ తల పైనుంచే పోయాయి. కూర్చుని కాల్చింది, లేచి కాల్చింది, గుళ్లు చెదరకుండా గొట్టం మూతికి బిగించే చోక్ మార్చింది. మళ్లీ పైకే.

ఉండబట్టలేక నోరు విప్పాను. "అత్తా, పాత తుపాకీలా ఇదీ తన్నుతుందనుకుని, పేల్చకముందే తుపాకీ వెనక కర్ర మీంచి చెంప ఎత్తేస్తున్నావు."

ఉరిమి చూసింది. చెంప ఆనించి పేల్చింది. తలలో పద్నాలుగు గుళ్లు.

బాబాయి ఈల వేశాడు.

"ఒక్కసారి తగిలితే సరిపోతుందా? ఇంకోటి అంటించు," అంది అత్త.