తాబేలుకి కరెంటు బల్బు, మాకు కిరసనాయిలు బుడ్డి

డెబ్బై అయిదో సంవత్సరం, డిసెంబరు నెల మొదటి ఆదివారం, పొద్దున్న ఎనిమిదింపావు. టైము అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, గుడికి, అదే మా చర్చికి, ఆలస్యమైపోతోందని మా ఆయన ఒక చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని, వాచీ చూసుకుంటూ నన్ను తిడుతున్నాడు. సరిగ్గా అప్పుడే మా తాబేలు నోరు తెరిచింది.

నేను నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. సోకులు చేసి రాయడం నాకు చేతకాదు. ఆ రోజు తల్చుకుంటే ఇప్పటికీ పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వొస్తుంది, అందుకని రాస్తున్నాను.

అప్పుడు మేం భవానీపురంలో ఒక పెంకుటింటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను, మా ఆయన, మా అత్తయ్య. ముందు వాటాలో ఇంటావిడ, అంటే ఆ ఇంటి సొంతదారు. మా ఆయన లారీ నడిపేవాడు. నందిగామ అవతల మెట్ట ఊళ్ళ నుంచి మిరపకాయ బస్తాలు తోలుకొచ్చేవాడు. నవంబరు చివర్లో ఒక సాయంత్రం ఇంటికొచ్చి క్యారేజీ నా చేతిలో పెట్టి, "కింది గిన్నె మెల్లగా తియ్యి, కరుస్తుందేమో" అన్నాడు.

"మీరు మిగిల్చిన పులుసు నన్నేం కరుస్తుందండీ?" అంటూ తీశాను.

లోపల తాబేలు పిల్ల. కొబ్బరి చిప్పంత కూడా లేదు. నల్ల డిప్ప మీద పసుపచ్చటి గీతలు, ఎవరో కూర్చుని ఓపిగ్గా ముగ్గు వేసినట్టున్నాయి. డొంకలో లారీ చక్రం గాడిలో పడి, పైకెక్కలేక గింజుకుంటోందట. ఇంకో బండి వస్తే నుజ్జయిపోతుందని తెచ్చాడు. ఇవాళ అట్లా తెచ్చి పెంచుకుంటే కేసు పెడతారు, పెట్టాల్సిందే కూడా. అప్పుడు మాకెవరికీ ఆ సంగతి తెలియదు.

మాకు అప్పటికి పిల్లల్లేరు. వీధిలో ఆడవాళ్ళ జాలి మాటలు విని విని నా చెవులు తుప్పు పట్టి ఉన్నాయి. ఆ గిన్నెలోంచి అది మెడ సాచి నా ముఖంలోకి చూసేసరికి నేను ఎగిరి గంతేశాను. నిజంగానే గంతేశాను, క్యారేజీ మూత ఎగిరి నూతి దగ్గర పడింది. "ఇది నాది" అన్నాను. "నీది కాక నాదా? నేను పొద్దున్నే మళ్ళీ ట్రిప్పుకి పోవాలి" అన్నాడు మా ఆయన.

మా అత్తయ్యది పామర్రు దగ్గర పల్లె. ఆవిడ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూసిన తాబేళ్ళన్నీ కాలవల్లోవీ, వరిమళ్ళల్లోవీ. ఆవిడనని ఏం లాభం, కృష్ణా నీళ్ళు తాగి పెరిగిన మా అందరికీ తాబేలంటే నీళ్ళలో జీవమే. "పాపం, ఎండలో ఎంత అల్లాడిందో, దీనికి ముందు నీళ్ళు కావాలి" అని ఆవిడే గంగాళం తోమి, నిండా నీళ్ళు పోసి, అందులో వదిలింది.

అది ఇటికబెడ్డలాగా అడుక్కి పోయింది.

"మునిగిందేంటి అత్తయ్యా?"

"కొత్త చోటు కదే, సిగ్గు. ఇప్పుడు చూడు, ఎట్లా ఈదుతుందో."

నాలుగు కాళ్ళూ కొట్టుకుంటున్నాయి గాని ఒక్క వేలెడు పైకి రావడంలేదు. నేను చెయ్యి పెట్టి తీసేశాను. ముక్కులోంచి బుడగలు. అత్తయ్యకి నమ్మకం కుదరలేదు. "నీళ్ళు ఎక్కువయ్యాయి" అని సగం పారబోసింది. మళ్ళీ మునిగింది. ఇంకో సగం పారబోసింది. చివరికి డిప్ప తడిచేంత నీళ్ళు మిగిల్చి, పెరుగన్నం ముద్ద చేసి పక్కన పెట్టింది. అది పెరుగన్నం మీదెక్కి, తొక్కి, అవతలికి దిగిపోయింది. వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. ఒకావిడ చేప ముక్క వెయ్యమంది, ఇంకొకావిడ వానపాములు తెప్పించమంది. అందరూ నీళ్ళలో తాబేలు గురించే చెప్తున్నారు, అందరూ గట్టిగా చెప్తున్నారు.

తర్వాత రోజు నుంచి అది ముడుచుకుపోయింది. కళ్ళు మూసుకుని ఉంటుంది, తిండి లేదు. గంగాళంలోంచి తీసి వంటింట్లో నేల మీద పెట్టి, అన్నం వారుస్తూ దాన్నే చూస్తున్నాను. చూస్తుండగా లేచింది. మెల్లగా పొయ్యి గట్టు దాకా నడిచింది. నిప్పుల వేడి తగిలే చోట ఆగి, నాలుగు కాళ్ళూ సాచుకుని, మెడ కూడా సాచి పడుకుంది. మా ఆయన లారీ దిగొచ్చి మంచం మీద ఎట్లా పడతాడో అచ్చం అట్లా.

ఆ మధ్యాహ్నమే గన్నవరం నుంచి మా ఆడపడుచు దిగింది, క్రిస్మసుకి జాకెట్లు కుట్టించుకుందామని. వాళ్ళు కోళ్ళు పెంచుతారు. ఆవిడ పొయ్యి దగ్గర తాబేలుని చూసి, చేతిలో సంచీ కూడా దించకుండా నవ్వడం మొదలెట్టింది.

"వదినా, దీని కాళ్ళు చూశావా? ఏనుక్కాళ్ళు. వీటితో ఈదమంటే ఏం ఈదుతుంది? అమ్మా, నిన్ను కృష్ణలో వదిలితే నువ్వు ఈదుతావా?"

"నోరు ముయ్యవే. తాబేలు తాబేలే" అంది అత్తయ్య.

"చలేస్తోంది దీనికి. మా కోడిపిల్లలూ అంతే, వెచ్చదనం లేకపోతే ఒక్క గింజ ముట్టవు. బల్బు కట్టు వదినా."

ఇక మేమిద్దరం మొదలెట్టాం. పిచ్చి పట్టినట్టే మొదలెట్టాం. లారీ షెడ్డు నుంచి మా ఆయన చేత దేవదారు చెక్కపెట్టె ఒకటి తెప్పించాం. పొడుగూ వెడల్పూ బాగానే ఉంది గాని ఎత్తెక్కువ, రంపంతో సగానికి కోయించాం. చెక్కల సందుల్లోంచి బయట కనబడితే అది తల పెట్టి పొడుచుకుంటూనే ఉంది, అందుకని లోపల అట్టముక్కలు కొట్టాం. అడుగున కోళ్ళకి వేసినట్టు ఊక పోశాం. ఊక దాని కళ్ళల్లో పడింది. అదంతా ఎత్తేసి, ఏటిగట్టు నుంచి ఇసుకా మట్టీ కలిసినది తెచ్చి, జల్లించి, ఎండబెట్టి పోశాం. ఒక మూల పగిలిన కుండ పెంకు బోర్లించాం, దాక్కోవడానికి. ఇంకో మూల మట్టి మూకుడులో కొంచెం నీళ్ళు. కోడిగుడ్డు పెంకులు దంచి తోటకూర మీద చల్లాం. మునగాకు, గరిక కూడా పెట్టాం.

బల్బు దగ్గర వచ్చింది తంటా. ఆ రోజుల్లో వాటాకి ఇన్ని బల్బులని ఇంటివాళ్ళు ముందే మాట్లాడుకునేవాళ్ళు. మాకు రెండు. వంటింట్లో ఒకటి, గదిలో ఒకటి. మూడోది వెలిగిందంటే ఇంటావిడ ముందు వాటాలోంచే కనిపెట్టేది. వంటింటిది తీస్తే చారులో బల్లి పడ్డా తెలియదు. అందుకని గదిలోది పీకి, వైరు సాగదీసి, పెట్టెకి ఒక పక్కన వేలాడదీశాం. మేం నలుగురం కిరసనాయిలు బుడ్డి వెలుగులో అన్నాలు తింటున్నాం, మూల పెట్టెలో తాబేలు మహారాజులా అరవై క్యాండిల్ బల్బు కింద కూర్చుని ఉంది. మా ఆయన చీకట్లో బొటనవేలు రుబ్బురోలుకి తగిలించుకుని, "ఒసే, వచ్చే జన్మలో నన్ను నీ తాబేలుగా పుట్టించమని ప్రార్థన చెయ్యవే" అన్నాడు.

"మనకు వచ్చే జన్మ లేదురా, క్రైస్తవులం" అంది అత్తయ్య చీకట్లోంచి.

"అయితే నాకీ బొటనవేలే గతి."

నవ్వి నవ్వి మా ఆడపడుచుకి పొలమారింది.

మొదట్లో బల్బు జానెడు ఎత్తున కట్టాం. అది పోయి కుండ పెంకు కింద దూరింది, రాదు. అప్పుడు దాని వీపెత్తులో నా చెయ్యి పెట్టి చూశాను, చుర్రుమంది. మూరెడు ఎత్తుకి లేపాక, నా చేతికి హాయిగా అనిపించాక, అదీ వచ్చింది. ఒళ్ళు కాగితే చల్లటి మూలకి పోతోంది, చల్లబడితే బల్బు కిందకి వస్తోంది. పడుకునే ముందు బల్బు ఆర్పి, గాలాడేట్టు గోనెపట్టా కప్పేదాన్ని. పొద్దున లేవగానే గోరువెచ్చటి నీళ్ళు పళ్ళెంలో, దాని గడ్డం తగిలేంత మాత్రమే పోసి కూర్చోబెట్టేదాన్ని. శుక్రవారం నాడు ఆ నీళ్ళు తాగింది! గొంతు కదలడం కళ్ళారా చూశాను. తర్వాత ఆ పళ్ళెంలోనే ఒంటికి పోసింది. మేమిద్దరం చేతులు పట్టుకుని వంటింట్లో గిరగిరా తిరిగాం.

కాని తిండి ముట్టలేదు. తోటకూర వాడిపోతోంది, మారుస్తున్నాను, వాడిపోతోంది.

అత్తయ్యకి ఓపిక పోయింది. ఆవిడది కఠినం కాదు, దాని మీద ప్రేమే. "బల్బు కింద పెట్టి అప్పడంలా ఎండబెడుతున్నారు. నా కళ్ళ ముందు చస్తే ఆ పాపం ఎవరికే? ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ తినకపోతే గుడికి పోతూ కృష్ణలో వదిలేస్తా. చల్లగా బతుకుతుంది" అంది. అది కృష్ణలో ఎట్లా బతుకుతుందో గంగాళంలోనే చూశాను నేను. కాని ఆ ఇంట్లో అత్తయ్య మాట అంటే మాటే, మా ఆయన కూడా నోరెత్తడు.

ఆదివారం వచ్చింది. అత్తయ్య తెల్లచీర కట్టుకుని, చంకలో బైబిలు, చేతిలో వెదురుబుట్టతో పెట్టె పక్కన నిలబడింది. బుట్టలో తడిగుడ్డ కూడా పరిచింది, దారిలో ఎండిపోకుండా. నేను పెట్టెకి అడ్డంగా కూర్చున్నాను. "ఆగండత్తయ్యా, ఇంకొక్క రోజు" అంటే "నువ్వు లే" అంటుంది. ఆడపడుచు మా మధ్యలో. మా ఆయన ఒంటి చెప్పుతో.

అంతలో తలుపు తోసుకుని ఇంటావిడ వచ్చింది. పూజకి పూలు కోసుకుని, సజ్జ నిండా మందారాలు. "ఏవమ్మా, పట్టపగలు గదిలో దీపమేంటి? వారం నుంచీ చూస్తున్నా!" అంటూ పెట్టెలోకి వంగింది. తాబేలు కనబడింది. "అమ్మ బాబోయ్!" అని ఉలిక్కిపడింది. సజ్జ ఒరిగింది. ఎర్ర మందారం ఒకటి జారి, సరిగ్గా బల్బు కింద, దాని ముక్కు ముందు పడింది.

అది మెడ సాచింది. చూసింది. నోరు తెరిచి ఒక్క కొరుకు కొరికింది.

ఇంకో కొరుకు. రేకు మూతికి అంటుకుని, లిప్‌స్టిక్ పూసుకున్నట్టు. నేను కెవ్వున అరిచాను. ఆడపడుచు నన్ను వాటేసుకుంది.

ఇంటావిడ రెండు చేతులూ జోడించింది. "కూర్మావతారం! నా పూజ నేరుగా అందుకున్నాడు!"

"అవతారమూ కాదు, గాడిదగుడ్డూ కాదు. నిన్న మోకాళ్ళ మీద ప్రార్థన చేసింది నేను" అంది అత్తయ్య.

"మరి నా పువ్వు కదండీ తిన్నది?"

"నా ప్రార్థనకే కదా నీ పువ్వు పడింది?"

"మీరిద్దరూ కాదు, నా బల్బు!" అని అరిచింది ఆడపడుచు.

"బల్బు నాది" అంది ఇంటావిడ. అని, మళ్ళీ పెట్టెలోకి వంగి చూసి, "సరే, మూడోది పెట్టుకోండి. స్వామిని చీకట్లో ఉంచకండి" అంది.

అత్తయ్య వెదురుబుట్టలోంచి తడిగుడ్డ తీసి పిండి, దండెం మీద ఆరేసింది. ఖాళీ బుట్టని ఇంటావిడకిచ్చి, "రేపు ఇందులో నిండా కోసి పంపించు" అంది.

గుడికి మేం వెళ్ళేసరికి ప్రసంగం సగమైంది. వెనక బెంచీలో కూర్చుని నేనూ ఆడపడుచూ కొంగులు నోట్లో కుక్కుకున్నాం.

ఆ పొద్దున ఎనిమిదింపావుకి ఆ గదిలో ఉన్నవాళ్ళం: పెట్టెకి అడ్డంగా నేను, ఒక కాలికే చెప్పున్న మా ఆయన, బైబిలు చంకలో పెట్టుకుని మా అత్తయ్య, గన్నవరం నుంచి వచ్చిన మా ఆడపడుచు, సజ్జ ఒలకబోసుకున్న ఇంటావిడ, మూతికి ఎర్రరేకు అంటుకున్న మా తాబేలు.