ఊపిరి బిగబట్టి

పిల్లలకు పరుగు నేర్పేటప్పుడు 'ఊపిరి బిగబట్టి పరిగెత్తండి' అని నేను ఎప్పుడూ అనను. మా డ్రిల్లు మాస్టారు అలాగే అనేవారు. గట్టిగా పరిగెత్తమని ఆయన ఉద్దేశం. నేను నిజంగానే ఊపిరి ఆపేసేదాన్ని. రెండొందల మీటర్లు పూర్తయ్యేసరికి కళ్ళు బైర్లు కమ్మి, అంతా చీకటైపోయేది. గుండెజబ్బేమోనని భయం. ఇంట్లో చెబితే పరుగు మాన్పించేస్తారని ఇంకా భయం.

జిల్లా పోటీల రోజున అవనిగడ్డలో బందరు బస్సెక్కాను. పక్కసీట్లో ఒకావిడ చర్చిలో పాడబోయే పాటేదో సన్నగా పాడుకుంటోంది. మాటిమాటికీ గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంటున్న నన్ను గమనించి, "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అంది.

చల్లపల్లి దాటేలోపు, అమ్మకు కూడా చెప్పనిది ఆవిడకు చెప్పేశాను. "ఇవాళ చచ్చిపోతానేమోనండీ" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "పరిగెత్తేటప్పుడు ఊపిరి ఎలా తీసుకుంటావు?" అని అడిగింది.

"తీసుకోనండీ. బిగబడతాను. మాస్టారు చెప్పారు."

"అయ్యో, అది మాటవరసకి అంటారే తల్లీ!" అంటూ నా వీపుకు అరచెయ్యి ఆనించింది. "నా చెయ్యి కదిలేలా పీల్చు. ఇప్పుడు వదులు."

బందరు వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. నేను పేరైనా అడగలేదు.

ఆ మధ్యాహ్నం వీపు మీద ఆ చెయ్యి ఇంకా ఉందనుకునే పరిగెత్తాను. గీత దాటగానే, చీకటి ఎలాగూ వస్తుందన్న భయంతో నేనే కళ్ళు మూసేసుకున్నాను. ఎంతకీ పడిపోకపోతే మెల్లగా తెరిచాను.

ఎండగా ఉంది.