ఏమీ రాకపోతే అంతా చల్లగా ఉన్నట్టే

చేపల శీతల గిడ్డంగి తలుపు తీయగానే కొట్టిన కంపుకు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చేపలన్నీ కుళ్లి, నేలంతా పచ్చటి జిగురునీళ్లు. ఆ గిడ్డంగికి కాపలాదారు ఆమె బావ, అక్క మొగుడు. గదుల చల్లదనాన్ని కనిపెట్టే ప్రోగ్రామ్ బాగోగులు చూసేది ఆమె.

"పొద్దున దాకా అంతా చల్లగా ఉందని పచ్చలైటే వెలిగిందమ్మాయ్. నేను నిద్రపోయానంటున్నారు. ఉద్యోగం ఊడేట్టుంది," అన్నాడు బావ.

ఆఫీసుకు పోయి చూసింది. తీగ తెగి, థర్మామీటర్ల నుంచి ఒక్క అంకె కూడా రాలేదు. ఆ ప్రోగ్రామ్ రాసిన కంప్యూటర్ భాష, అంకెల వరుసను మొత్తంగా ఒక్క దెబ్బకు లెక్కగట్టేది. 'అన్నీ చల్లగా ఉన్నాయా?' అని ఖాళీ వరుసను అడిగితే, వేడిగా ఉన్నది ఒక్కటీ కనపడలేదు కనుక అవునంటుంది.

ఆ ప్రోగ్రామ్ రాసిన పై అధికారి కుర్చీలోంచి కదలకుండానే నవ్వాడు. "అది తప్పు కాదమ్మా, గణితం. ఖాళీ గదిలో అందరూ మంచివాళ్లే."

"ఓసారి ఆ గదికి రండి సార్. గణితం ఎలా కంపు కొడుతోందో చూద్దురుగాని."

ఆయన రాలేదు.

వచ్చింది ఖాళీ అంకెల వరుసైతే ఎర్రలైటు వెయ్యమని ఆమే ప్రోగ్రామ్‌లో రాసింది. తీగ పీకి చూస్తే మళ్లీ పచ్చే! ఒళ్లు మండిపోయింది. తెగిన తీగ నుంచి వచ్చేది ఖాళీ అక్షరాల వరుసట. తెరమీద రెండూ శూన్యమే. భాషకు మాత్రం లేని అంకెలు వేరు, లేని అక్షరాలు వేరు.

"లేనిదానికి మళ్లీ జాతొకటా, ఛీ!"

చివరికి, అవి ఏ రకమని చూడక, అసలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టమంది. థర్మామీటర్ల సంఖ్యకన్నా తగ్గితే ఎర్రలైటు. ఈసారి వెలిగింది.

యజమాని ముందు అధికారి, "ప్రోగ్రామ్‌లో లోపం లేదండీ, కాపలావాడి నిర్లక్ష్యం," అన్నాడు. కుళ్లిన చేపలకన్నా ఆ మాటే ఆమెకు ఎక్కువ కంపు కొట్టింది. అక్కడే తీగ పీకి, పాత ప్రోగ్రామ్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన చూపించింది.

"పచ్చలైటును నమ్మినందుకు మా బావను తీసేస్తే, ఆ లైటు వేసినవాళ్లనేం చేస్తారు సార్?"

యజమాని రెండు లైట్లనూ మార్చి మార్చి చూశాడు. బావ ఉద్యోగం నిలిచింది. వారం తిరక్కుండా ఆ మార్పంతా తన చలవేనని అధికారి అందరికీ చెప్పుకున్నాడు.

"అందులో నీ పేరేదే?" అంది అక్క.

"ఆయన పేరు పక్కనా? నాకొద్దక్కా, అసహ్యం," అని ఆమె వేరే విభాగానికి బదిలీ చేయించుకుంది.