రెండో పాదం చివర

ఛందస్సు మాస్టారి చూపుడువేలు ఊరికే ఉండదు. బస్సు కిటికీ ఊచ మీదో, కంచం అంచు మీదో గురులఘువులు కొడుతూనే ఉంటుంది. గణాలు, యతి, ప్రాస తేలాకే ఆయన భావం జోలికి వెళతారు. ఇవాళ తరగతిలో, పోయిన భార్య జబ్బు మంచం మీంచి ఒకే ఒక్కసారి అల్లి వినిపించిన ద్విపద బోర్డు మీద రాసి విడగొట్టారు. యతి కుదిరింది, ప్రాస కుదిరింది. రెండో పాదం చివర వేలు ఆగిపోయింది.

"ఒక గణం తగ్గింది కదండీ మాస్టారూ," అంది ముందు బెంచీ అమ్మాయి.

"నేనూ ఆ రోజు అదే అన్నానమ్మా. నవ్వి ఊరుకుంది. ఆయాసంతో ఆగిపోయిందని నాకు తట్టలేదు."

"మరి భావమండీ?"

ఆయన పద్యం మళ్లీ చదివారు. చివర మిగిలిన ఖాళీ దగ్గర వేలు గాలిలోనే నిలబడి, ఆవిడ ఊపిరి తీసుకునేదాకా కాచుకుంది.